వేడి మీద ప్రభావం: లేదు

అరవైమూడు. అరవైమూడు కూడా ఒక వేడేనా, ఈ చిప్‌కి అరవైమూడంటే పొద్దున్నే లేచి ఒళ్ళు విరుచుకోవడం లాంటిది, అసలు సంగతంతా వంద దాటాకే తేలుతుంది, అని తనకు తానే చెప్పుకుంటూ ఆమె స్టూలును ఓవెన్‌కి మరికాస్త దగ్గరగా లాక్కుంది. ఓవెన్ అంటే రొట్టెలు కాల్చేది కాదు, గోడకి ఆనించి నిలబెట్టిన బీరువా అంత ఇనప పెట్టె. ఎంత వేడి పెట్టమంటే అంత వేడి లోపల పట్టి ఉంచుతుంది, ఇప్పుడు నలభై డిగ్రీల దగ్గర నిలబడి ఉంది. ఆ నలభైలో, ఒక అట్టపెట్టె కింద, ఆసుపత్రి మంచం పక్కన పెట్టే స్క్రీన్ ఒకటి వెలుగుతోంది, గుండె కొట్టుకునే తీరునీ ఊపిరినీ అంకెల్లో చూపించేది. స్క్రీన్‌కి కరెంటు అందించే చిప్ మీద ఆమె అతికించిన సన్నతీగ ఓవెన్ బయటికొచ్చి, చిన్న మీటరు మీద అరవైమూడు అంటోంది, ఇప్పుడు అరవైనాలుగు అంటోంది. ఒంటిగంట దాటి అయిదు నిమిషాలు. అందరూ భోజనానికి వెళ్ళారు. వెనక షెడ్డులో ఇలాంటివే నూట ఇరవై స్క్రీన్లు లారీ ఎక్కుతున్నాయి, రెండింటికి లారీ కదులుతుంది. ఈలోపు ఈ అంకె నూటపదిహేనుకి కిందే ఎక్కడో ఒకచోట ఆగితే ఆమె కూడా వెళ్ళి భోజనం చేస్తుంది. ఆగకుండా దాటితే, మూడు నెలల కిందట తన చేత్తో రాసిన ఒక మాట అబద్ధమవుతుంది, ఆ అబద్ధం లారీ ఎక్కి నూట ఇరవై మంచాల పక్కకి చేరుతుంది. ఈ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు.

తనకి మాత్రం పొద్దున దాకా తెలుసా. పొద్దున ప్యాకింగ్ బల్ల దగ్గరికి కత్తెర అడగడానికి వెళ్ళింది, అంతే, కత్తెర కోసమే, కావాలంటే ఆ కత్తెర ఇప్పటికీ అక్కడే ఉంది, తెచ్చుకోవడం మరచిపోయింది. బల్ల మీద చివరి పరీక్షకని వెలిగించి ఉంచిన స్క్రీన్లు వరసగా వీపులు ఇటు తిప్పి నిలబడి ఉన్నాయి. ఊరికే, అలవాటుకొద్దీ, ఒకదాని వీపు మీద చేయి వేసింది. అరచేయి కాదు, వేళ్ళ వెనకవైపు. అమ్మ అలాగే చూసేది జ్వరాన్ని, ఒకే దుప్పటిలో అక్కా తనూ పడుకుని ఉంటే ఇద్దరి నుదుళ్ళ మీదా వేళ్ళ వెనకవైపు ఆనించి, ఇది నాటకం, దీనికి నిజంగా ఉంది, అని తేల్చేసేది. అలా ఎందుకని అడిగితే, "అరచేతికి గిన్నెలు తోమీ బట్టలుతికీ తోలు మందమైపోయిందే, ఇటువైపైతే తెలుస్తుంది," అంది. బడి ఎగ్గొట్టాలని నుదురు దుప్పటికేసి ఎంత రుద్దుకున్నా ఆ వేళ్ళ దగ్గర పప్పులుడికేవి కావు. స్క్రీన్ వీపంతా గోరువెచ్చగా ఉంది, కింద ఎడమ మూల మాత్రం చురుక్కుమంది. పక్కదాన్ని ముట్టుకుంది, అదే మూల. మూడోదీ అంతే. ఆ మూల లోపల ఏముంటుందో ఆమెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు, ఎందుకంటే అక్కడ ఆ చిప్‌ని పెట్టించింది ఆమే. ఆఫీసులో ఆమెని వెనకాల కొలతలమ్మ అంటారు. ముందర కూడా అంటారు, ఆమె నవ్వేస్తుంది, ఆ పేరంటే ఆమెకి లోలోపల గర్వం కూడా. కొలతలమ్మ కత్తెర మరచిపోయి, బల్ల మీది ఒక స్క్రీన్‌ని చంకన పెట్టుకుని ఓవెన్ గదికి వచ్చేసింది. వీపు విప్పి చిప్ మీద తీగ అతికించి మళ్ళీ మూసి, ఓవెన్ నలభైకి వచ్చేసరికి ఒంటిగంటయింది.

డెబ్బైఎనిమిది. ఒంటిగంటా పది. చూడు ఎలా ఎక్కుతోందో, మొదట్లో అన్నీ ఇలాగే పరుగెత్తుతాయి, ఆయాసం వచ్చాక నెమ్మదిస్తాయి, గాభరా పడకు. ఏముంది ఆ చిప్‌లో, చిటికెనవేలి గోరులో సగం ఉండదు, దానికి అప్పజెప్పిన పని మాత్రం కొండంత. కింద నుంచి వచ్చే కొద్దిపాటి వోల్టేజిని పట్టుకుని పైకెక్కించాలి, స్క్రీన్ వెనక దీపాలకి ఎంత కావాలో అంత ఎత్తుకి. కొళాయి దగ్గర బిందె నింపుకుని మూడో అంతస్తుకి మోసుకెళ్ళినట్టే, వాళ్ళ చిన్నప్పటి ఇంట్లో నీళ్ళు పైకి ఎక్కేవి కావు, అక్క పెద్ద బిందె, తను చిన్న బిందె, ఎంత జాగ్రత్తగా మోసినా మెట్ల మీద కొంచెం తొణికేది. ఈ చిప్ కూడా వందలో పన్నెండు పాళ్ళు తొణుకుతుంది. తొణికింది ఎటూ మాయమైపోదు, అక్కడే వేడై కూర్చుంటుంది. ఆ వేడి బోర్డు మీది రాగిలోకి పాకి, రాగి నుంచి గాలిలోకి పోవాలి. గాలి కదిలితే పట్టుకుపోతుంది. గాలి కదలకపోతే ఎక్కడిదక్కడే, ఆపైన వేడెక్కినకొద్దీ చిప్ ఇంకా ఎక్కువ తొణుకుతుంది, తడిమెట్ల మీద కాలు జారి ఇంకా ఒలికినట్టు. నూటపదిహేను దాకా దాని ఆరోగ్యానికి ఢోకా లేదు. ఆ పైన రోజురోజుకీ ఆయుష్షు తరుగుతుంది. నూటయాభై చేరితే తన ప్రాణం కాపాడుకోవడానికి తనే ఆగిపోతుంది, స్క్రీన్ నల్లబడుతుంది, కాస్త చల్లారాక మళ్ళీ వస్తుంది. చిప్‌కి అదొక జాగ్రత్త. మంచం మీది మనిషికి ఆ నల్లబడిన నిమిషం ఏమవుతుందో చిప్‌కి ఏం తెలుసు.

అక్కకి తెలుసు. అక్క నర్సు, ఇరవైరెండేళ్ళుగా నర్సు, రోగుల దగ్గర వెన్న, ఇంట్లో నిప్పు. వాళ్ళ వార్డులో పాత స్క్రీన్లు గడియకోసారి ఆరిపోతుంటాయి. ఆరిపోతే ఏం చేస్తావే అని ఒకసారి అడిగితే, "ముందు మనిషి మొహం చూస్తాను, తర్వాత ప్లగ్గు చూస్తాను. కొత్తగా వచ్చిన పిల్లలు ముందు ప్లగ్గు చూస్తారు," అంది. ఆ మాట విని ఆ వేళ ఆమెకి భోజనం సయించలేదు. అవి ఎందుకు ఆరిపోతాయో కూడా అక్కే చెప్పింది, పూటపూటా మందునీళ్ళతో తుడుస్తారు, తుడవకపోతే ఒకరి జబ్బు ఒకరికి, వీపుకున్న గాలి కంతల్లోంచి ఆ నీళ్ళు లోపలికి పోతాయి. "మీరేమో కంతలు పెడతారు, మేమేమో తుడవకుండా ఉండలేం. మీలో ఒక్కరైనా ఎప్పుడైనా వార్డులో గుడ్డ పట్టుకున్నారా?" పట్టుకోలేదు. అందుకే ఆమె మర్నాడే ఆఫీసుకొచ్చి, కంతలు మూసేద్దాం అంది. వీపు మొత్తం ఒకే పలక, చుట్టూ రబ్బరు అంచు, చుక్క నీరు పోదు. అందరూ బాగుందన్నారు. పెద్దాయన, అంటే వాళ్ళ విభాగానికి పెద్ద, ఆమెకి మీటరు పట్టుకోవడం నేర్పినాయన, "మీ అక్కగారిని ఉద్యోగంలోకి తీసుకోవలసిందమ్మా," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఆమెకి ఒళ్ళు తెలియలేదు.

ఎనభైఎనిమిది. ఒళ్ళు తెలియకపోవడమే జరిగింది, ఇంకో పేరు పెట్టుకుని లాభం లేదు. కంతలు ఉన్నప్పుడు ఆమే కొలిచింది, ఇదే ఓవెన్‌లో, ఇదే నలభైలో, పూర్తి వెలుతురులో, ఎనభైరెండు దగ్గర ఆగింది. కానీ ఓవెన్‌కి లోపల ఫ్యాను ఉంటుంది, వేడి అన్ని మూలలకీ సమంగా అందాలని గిర్రున తిరుగుతూ ఉంటుంది, ఆ ఫ్యాను గాలి కంతల్లోంచి దూరి చిప్‌కి హాయిగా విసిరింది. ఏ వార్డులో ఏ మంచం పక్కన అలా విసిరే దిక్కుంది? సరే, ఆ రోజుకి అదొక చిన్న పొరపాటు, అందరూ చేసేదే. అసలు పొరపాటు తర్వాతది. కంతలు మూశాక మార్పుల ఫారం నింపాలి, ఒక్కో మార్పుకీ ఒక్కో వరస, బరువు మీద ప్రభావం, నీళ్ళ మీద ప్రభావం, వేడి మీద ప్రభావం. సాయంత్రం ఆరయింది, భుజానికి సంచీ తగిలించుకుని నిలబడే ఉంది, నిలబడే రాసింది. వేడి మీద ప్రభావం: లేదు. ఎనభైరెండే కదా, నూటపదిహేనుకి ఇంకా ముప్పైమూడు డిగ్రీల జాగా ఉంది కదా, రెండు కంతలు మూస్తే ముప్పైమూడూ తినేస్తాయా, అనుకుంది. అనుకోవడం కూడా పూర్తిగా అనుకోలేదు, కలం అంతకుముందే రాసేసింది. కొలతలమ్మ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, కొలవకుండా రాసింది. పెద్దాయన ఫారం అందుకుని చదివి కూడా చూడలేదు, "నువ్వు కొలిచావంటే చాలు," అని కింద సంతకం పెట్టాడు. కొలవలేదండీ అని అప్పుడు నోరు విప్పి ఉంటే ఎంతసేపు పట్టేది, ఒక గంట పట్టేది, ఇప్పుడు పడుతున్న ఈ గంటే.

తలుపు తోసుకుని మీసాలాయన లోపలికి తొంగి చూశాడు. షెడ్డులో ఎక్కించడం దించడం అంతా ఆయన చేతిమీదే, మీసం ఎంత గంభీరమో మనిషి అంత తేలిక, కానీ లారీ వచ్చిన రోజు మాత్రం ఆయన ముందు ఎవరూ నిలబడలేరు.

"ఏంటమ్మా, భోజనం మానేసి పెట్టెకి కాపలా కాస్తున్నావు? లోపలేమైనా ఉడుకుతోందా?"

"ఊరికే, ఒకటి చూసుకుంటున్నా. లారీ నిజంగా రెండింటికేనా?"

"రెండు దాటితే ఆ డ్రైవరు నన్ను తినేస్తాడు. ఎనభై పెట్టెలు ఎక్కాయి, ఇంక నలభై. ఆసుపత్రి వాళ్ళు పొద్దుట్నుంచి మూడుసార్లు ఫోను. ఎందుకు, ఏమైనా ఉందా?"

"ఏం లేదు," అంది. ఏం లేదు. లేదు, లేదు, ఎంత సులువుగా వస్తుందో ఆ మాట, కలంలోంచి వచ్చినంత సులువుగా నోట్లోంచీ వచ్చింది. మీసాలాయన తలుపు మూసుకుని వెళ్ళిపోయాడు. తొంభైనాలుగు.

ఆసుపత్రి వాళ్ళ మూడు ఫోన్లూ అక్క చేయించినవే అయి ఉంటాయి. మొదటి లారీ అక్క ఉండే ఊళ్ళోని మూడు ఆసుపత్రులకి, అందులో అక్కది ఒకటి, అక్క వార్డుకి ఆరు. పొద్దున బస్సులో ఉండగా ఫోను చేసింది, ఆరు మంచాలకి రెండే స్క్రీన్లు పనిచేస్తున్నాయట, మిగతా నాలుగింటికీ వేలితో నాడి పట్టుకుని తిరుగుతున్నారట, ఆరో మంచం కిటికీ పక్కన ఉంటుందట, ఎండపడితే దాని స్క్రీన్ మీద ఏమీ కనబడదట. "రేపు పొద్దుటికి వస్తాయిగా చిన్నీ, ఈ ఒక్క రాత్రీ ఎలాగో గట్టెక్కిస్తాను." వస్తాయి అక్కా, అంది, బస్సు ఊచ పట్టుకుని, ఊళ్ళో అందరికంటే మంచి చెల్లెలు తనే అన్నట్టు మొహం పెట్టి. ఆపితే ఆ ఆరు మంచాలూ ఇంకెన్నాళ్ళు అలా ఉండాలి. ఆపకపోతే, ఎండలు ముదిరిన రోజున, కిటికీ పక్కన, పూర్తి వెలుతురులో, గది నలభై దాటితే, కొత్తది కూడా పాతదానిలాగే నల్లబడుతుంది, అప్పుడు అక్క ముందు మొహం చూస్తుంది, తర్వాత ప్లగ్గు చూస్తుంది, ప్లగ్గు బాగానే ఉంటుంది. కొత్తది కదా, మా చెల్లెలు చేసింది కదా అని, అంకెల్ని నమ్మి, ఒక్కరోజు మొహం చూడ్డం ఆలస్యం చేస్తే? అక్క చేయదు. అక్క కాని ఇంకో నర్సు, పద్దెనిమిది గంటలు నిలబడి కాళ్ళు వాచిన ఎవరో పిల్ల, చేయవచ్చు. తొంభైతొమ్మిది. ఒంటిగంటా ఇరవైఅయిదు. ఆగు తల్లీ, అంది ఆమె మీటరుతో, పైకే అంది.

వంద దాటగానే నడక నెమ్మదించింది. నూటఒకటికి రెండు నిమిషాలు, నూటరెండుకి ఇంకో నిమిషం. మీటరుకి కలిపిన కంప్యూటరు తెర మీద గీత వంగుతోంది, మొదట నిటారుగా లేచిన గీత ముసలావిడ నడుములా మెల్లగా ముందుకి వాలుతోంది. గీత కొట్టడం తనకి అక్కే నేర్పింది, అదీ ఒక తిట్టుతోనే. అక్క నర్సు చదువుకి వెళ్ళి మొదటిసారి సెలవులకి వచ్చినప్పుడు, తను లెక్కల పుస్తకం ముందేసుకుని తప్పొచ్చిన చోటల్లా రబ్బరుతో రుద్దుతోంది, రుద్ది రుద్ది కాగితానికి చిల్లు పడింది. అక్క రబ్బరు లాక్కుంది. "మా చార్టుల్లో రబ్బరుండదే. తప్పు రాస్తే దాని మీద ఒకటే గీత కొట్టాలి, కింద ఏం రాశామో కనబడాలి, పక్కన సంతకం, టైము." తప్పు అందరికీ కనబడితే సిగ్గు కాదా అని తను అడిగింది. "కనబడకపోతే, ఆ తప్పు మందు ఎవరికి ఎక్కిందో రేపు వచ్చేవాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అంది అక్క. తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం అర్థమవుతుంది, రబ్బరు పోయిందని రాగం తీసింది. నూటనాలుగు. నూటఅయిదు. మళ్ళీ ఎందుకు తొందర పడుతున్నావు, ఇందాకే కదా నెమ్మదించావు. నూటఆరు. ఆమె చెంపలు కాలుతున్నాయి, ఓవెన్ తలుపు అంత మందంగా ఉంటే చెంపలు కాలడం ఎందుకు. నూటఆరు. తర్వాత, ఆమె కళ్ళముందే, నూటఅయిదు. నూటనాలుగు.

నూటనాలుగు. నూటనాలుగు. మీటరు చెడిందేమోనని తట్టింది. నూటనాలుగే. ఒక నిమిషం, రెండు నిమిషాలు, నాలుగు. ఆగింది, అమ్మా, ఆగింది, ఇంకా పదకొండు డిగ్రీలు మిగిలాయి. ఆమె స్టూలు మీద వెనక్కి వాలబోయి, దానికి వీపు లేదని గుర్తొచ్చి, పడబోయి, గోడ పట్టుకుని తనలో తనే నవ్వుకుంది. ఎంత పిరికిదానివే. అబద్ధం కాదు, అదృష్టం, అదృష్టాన్ని అబద్ధమని పొద్దుట్నుంచీ గుండెలు బాదుకుంటున్నావు. ఒక్కసారిగా ఆకలేసింది. డబ్బా చల్లారిపోయి ఉంటుంది, ఫరవాలేదు. భోజనం అయ్యాక అక్కకి ఫోను చేసి బయల్దేరాయని చెప్పాలి. ఈ కాగితం అచ్చు తీసి, ఆ ఫారం వెనక చడీచప్పుడు లేకుండా గుచ్చేయాలి, తేదీ మాత్రం నేటిది వేయాలి, దొంగ తేదీ వేయకూడదు, అంత దిగజారలేదు. ఒకటీ ముప్పైఆరు. అచ్చు తీయడానికి గీత మొత్తం తెర మీదికి తెచ్చింది, తెచ్చి, చేయి మౌసు మీద అలాగే ఉంచి, దాన్ని చూస్తూ ఉండిపోయింది.

మూల. గీతలో ఒక మూల ఉంది. అంతదాకా గుండ్రంగా వంగుతూ వచ్చిన గీత, ఒంటిగంట ముప్పై దగ్గర, ఠక్కున మూల తిరిగి కిందికి దిగి పడుకుంది. పదకొండేళ్ళుగా వేడి గీసే గీతలు చూస్తోంది ఆమె, వేడికి మూల తిరగడం చేతకాదు, ఎక్కినా దిగినా నిదానంగా వంపు తిరుగుతుంది. మూల కనబడిందంటే ఎవరో ఏదో నొక్కారని, ఏదో తగ్గించారని. ఎవరు నొక్కారు, గదిలో తను తప్ప ఎవరున్నారు. ఒంటిగంటకి వెలిగించింది. ఒంటిగంట ముప్పైకి మూల. ముప్పై నిమిషాలు. ముప్పై నిమిషాలు ఎవరూ తాకకపోతే స్క్రీన్ దానంతట అదే వెలుతురు తగ్గించుకుంటుంది, పక్కన పడుకున్న రోగి కళ్ళకి గుచ్చుకోకూడదని, అది కూడా అక్క చెప్పిందే, తను పెట్టించిందే. ఫ్యాను గాలి తగలకూడదని తెలివిగా అట్టపెట్టె బోర్లించింది కదా, ఆ అట్ట కింద స్క్రీన్ మసకబారిన సంగతి తెలివిగలామెకి కనబడలేదు. నూటనాలుగు మసక వెలుతురు తాలూకు నూటనాలుగు.

ఒకటీ ముప్పైతొమ్మిది. ఇప్పుడు ఆమె ముందు ఉన్నది ఒక కాగితం. నలభై డిగ్రీలు, మూసిన పెట్టె, నూటనాలుగు, పాస్. ఆ మూలని చదవగలిగినవాళ్ళు ఈ కప్పు కింద ఇద్దరే, తనూ పెద్దాయనా, పెద్దాయన తను కొలిచిందంటే చదవడు. ఎవరికీ తెలియదు. అక్కకి రేపు పొద్దుటికి ఆరు స్క్రీన్లు. ఎండలు ముదరడానికి ఇంకా రెండు నెలలుంది, ఈలోపు నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా, ఏదో ఒకటి సర్దవచ్చు. సర్దవచ్చు అనుకున్నవాళ్ళెవరైనా సర్దిన పాపాన పోయారా? పోనీ వెలుతురు ఎప్పటికీ ఈ మసక దగ్గరే కట్టేసి పంపేద్దామా, కిటికీ పక్క ఆరో మంచానికి మళ్ళీ ఏమీ కనబడదు, ఇంతోటి దానికి పాతవి ఏం పాపం చేశాయి. భయమేసింది, నిజంగానే, చిన్నప్పుడు బిందె జారి మెట్ల మీంచి దొర్లుతుంటే పట్టుకోలేక నిలబడ్డప్పటి భయం. పెద్దాయన మొహం, మీసాలాయన మొహం, కొలతలమ్మ అని నవ్వే మొహాలన్నీ. చేయి మౌసు మీద నుంచి తీసింది, మళ్ళీ పెట్టింది. ఆ చేతికి తెలుసు అచ్చు తీసే బొత్తాం ఎక్కడుందో.

ఓవెన్ పక్కన పిడికిలి పట్టేంత కంత ఉంది, తీగలు లోపలికి పోవడానికి, దానికి రబ్బరు బిరడా. ఆమె లేచి బిరడా పీకి, చొక్కా చేయి మోచేతి దాకా మడిచి, చేతిని లోపలికి పోనిచ్చింది. నలభై డిగ్రీల గాలి జ్వరం ఒళ్ళులా తగిలింది. తడుముకుంటూ అట్టపెట్టె అంచు కొద్దిగా ఎత్తి, వేలి కొసతో స్క్రీన్‌ని తాకింది. అట్ట కింద నుంచి తెల్లటి వెలుగు ఓవెన్ నేల మీద పరుచుకుంది. చేయి బయటికి తీసి, బిరడా బిగించి, స్టూలు మీద కూర్చోకుండా నిలబడింది.

నూటఅయిదు, నూటఏడు, నూటతొమ్మిది, ఇక ఏ మొహమాటమూ లేకుండా ఎక్కుతోంది. ఒకటీ నలభైఏడుకి నూటపన్నెండు. ఆగుతుందేమోనని ఇంకా ఆశ ఉంది చూడు, సిగ్గులేని ఆశ, నూటపద్నాలుగు దగ్గర అంకె ఒక నిమిషం ఊగిసలాడితే ఆ నిమిషమంతా ఊపిరి బిగబట్టి ఏ దేవుడికో మొక్కుకుంది. నూటపదిహేను. నూటపదహారు. ఊపిరి వదిలేసింది. చిప్‌కీ స్క్రీన్ వీపు పలకకీ మధ్య అంగుళం ఖాళీ ఉంది, అందులో కదలని గాలి. అక్కడ ఒక రాగి పట్టీ, దాని మీద మెత్తటి పొర పెడితే చిప్ వేడి నేరుగా వీపు పలకకి పోతుంది, పలక అంత వెడల్పుంది, చల్లబరుస్తుంది. పట్టీలు చేయించడానికి వారం, నూట ఇరవై పెట్టెలూ విప్పి అమర్చడానికి వారం, మళ్ళీ కొలవడానికి వారం. ఈసారి ఫ్యాను గాలి తగలకుండా, వెలుతురు తగ్గకుండా, పక్కన మనిషి కూర్చుని. మూడు వారాలు. అరలోంచి మార్పుల ఫారం తీసింది. వేడి మీద ప్రభావం: లేదు. ఎంత పొందికైన అక్షరాలు, నిలబడి రాసినా వంకర పోలేదు. ఆ ‘లేదు’ మీద ఒకటే గీత కొట్టింది. పక్కన రాసింది: ఉంది. అప్పుడు కొలవలేదు. ఈరోజు కొలిస్తే నూటపంతొమ్మిది, ఇంకా ఎక్కుతోంది. కింద సంతకం, దాని పక్కన తేదీ, టైము, ఒకటీ యాభైఆరు.

పెద్దాయన భోజనం ముగించి పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఆమె ఫారం ఆయన కళ్ళముందు పట్టుకుంది, చేతులు తడిగా ఉండటంతో ఆయన తాకకుండానే చదివాడు, రెండుసార్లు చదివాడు.

"కొలిచే రాశావనుకున్నాను," అన్నాడు.

"లేదండీ."

"నీ మాట మీదే కదమ్మా నేను సంతకం పెట్టింది."

"అవునండీ." ఆయన పంపు కట్టేసి, చేతులు తుడుచుకోవడానికి అవసరమైన దానికంటే చాలా ఎక్కువసేపు తుడుచుకున్నాడు. కోప్పడితే బాగుండునని ఆమె చూసింది, ఆయన కోప్పడలేదు, ఆ క్షణంలో వయసు మీద పడినట్టు మాత్రం కనిపించాడు. "నేనూ చదవలేదులే," అన్నాడు చివరికి. "పద, షెడ్డులో నేను చెప్తాను."

"వద్దండీ. నేనే చెప్తాను."

లారీ వెనక తలుపు అప్పుడే వేస్తున్నారు. దించాలి అని ఆమె అంటే, మీసాలాయన ముందు జోకనుకుని నవ్వాడు, తర్వాత ఆమె వెనక నిలబడ్డ పెద్దాయన్ని చూసి నవ్వు ఆపేశాడు. "అన్నీనా? ఇందాక ఏం లేదన్నావు కదమ్మా." అన్నాను, ఇందాక కూడా కొలవకుండానే అన్నాను, అంది. ఆయన మీసం కింద ఏదో గొణుక్కుంటూ తలుపు గడియ మళ్ళీ తీశాడు. ఆమె గోడ వారకి వెళ్ళి ఫోను తీసింది, ఒక్క రింగుకే అక్క ఎత్తింది.

"బయల్దేరాయా?"

"లేదక్కా. ఆపేశాను. మూడు వారాలు పడుతుంది." వెనకాల వార్డు చప్పుళ్ళు, ఎవరో దగ్గుతున్నారు, ఇనప చక్రాల బండి ఏదో దొర్లుతోంది. ఆమె ఫోను చెవి నుంచి తీసి ఇంకా కలిసే ఉందా అని చూసుకుంది.

"మూడు వారాలంటే ఇక్కడ ఎంతో తెలుసా చిన్నీ?"

"తెలుసు."

"ఎవరు చేశారు?"

"నేనే. కొలవకుండా లేదని రాశాను. పంపుంటే ఎండల్లో మీ దగ్గర ఆరిపోయేవి."

"రబ్బరు పెట్టి రుద్దలేదు కదా?" అంది అక్క.

"లేదు. ఒకటే గీత. కింద మాట కనబడుతోంది."

"టైము వేశావా?"

"వేశాను."

"సరే," అంది అక్క, ఆ గొంతులో కోపం ఉంది, కోపం పోలేదు, కానీ అది చెల్లెలి మీది కోపంలా లేదు. "ఉంటాను మరి. ఆరో మంచం స్క్రీన్ మళ్ళీ ఆరిపోయింది, వెళ్ళి మొహం చూసి రావాలి."

ఫోను ఆగిపోయింది. లారీలోంచి మొదటి పెట్టె అంచుకి వచ్చింది, మీసాలాయన ఒక కొస పట్టుకుని రెండో కొస ఎవరు పడతారా అని అటూ ఇటూ చూస్తున్నాడు. ఆమె వెళ్ళి పట్టుకుంది.